వాన డబ్బాకి నాలుగు బొండాలు

రాజోలు చుట్టుపట్ల ఆకాశంలోంచి జారిన చుక్క ఏదైనా సరే, ముందు బెన్నీకి లెక్క చెప్పుకుని ఆ తరవాతే నేలలోకి ఇంకాలి. ఈ మాట అన్నది ఏ ఆఫీసరు గారూ కాదు లెండి, బెన్నీయే. టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని, మెళ్ళో కంపెనీ ట్యాగు అందరికీ కనపడేట్టు తిప్పుకుని, "వాన కోసం మా పాస్టరు గారు ఉపవాసం ఉంటారండి. మోతుబరి సూర్యారావు గారు జపాలు చేయిస్తారండి. దేవుడు ఎవరి మాట విన్నాడో నాకు తెలీదు గానీ, ఎంత ఇచ్చేడన్నది మాత్రం నేను చెప్పాలండి" అనేవాడు. వినేవాళ్ళు "ఆయ్" అనేవారు. మావైపు ఆయ్ అంటే అన్నిసార్లూ ఒప్పుకున్నట్టు కాదు. టీ చల్లారిపోతోంది, కానియ్యండి అని కూడా.

కోతలు కొయ్యడం వాడికి తండ్రి ఇచ్చిన ఆస్తి. తండ్రి మోషే కొబ్బరి దింపు తీసేవాడు. ఆయన చెట్టెక్కితే అంతర్వేది అవతల సముద్రం మీద వాన బయల్దేరడం కనపడేదిట. పైనుంచి కేకేసి పేటలో ఆరేసిన బట్టలన్నీ తీయించి, ఇంకో నాలుగు చెట్లు దింపి, ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాక గానీ ఆ వాన వచ్చేది కాదుట. తొంభయ్యారు తుపానులో ఓ కొబ్బరి చెట్టు మొవ్వులో ఆయనకి కొర్రమేను దొరికిందని, ఆ పులుసు రుచి తన నాలిక మీద ఇంకా ఉందని బెన్నీ ప్రమాణం చేసి చెప్పేవాడు. తొంభయ్యారుకి వాడికి తొమ్మిదేళ్ళు. ఉంటే ఉండొచ్చు.

వాళ్ళ పేటలో ఇంటికో టీచరు, రెండిళ్ళకో గుమస్తా. వాడి అక్క శారోన్ కూడా రామచంద్రపురంలో టీచరమ్మే. బెన్నీ మాత్రం అమలాపురంలో డిప్లొమాకి వెళ్ళి రెండో ఏడు సగంలో పెట్టె సర్దుకుని వచ్చేసేడు. ఏరా అంటే, "లెక్చరరు గారి దగ్గరున్నదంతా అయిపోయిందండి, ఇంకా అక్కడుంటే ఆయన మొహమాటపడతారని" అన్నాడు. పదేళ్ళపాటు సెల్‌ఫోన్లు బాగుచేసేడు, ఫ్యాన్లు చుట్టేడు, ఇంటింటికీ కేబులు లాగేడు. చివరికి కాకినాడలో ఆఫీసున్న ఓ ప్రైవేటు కంపెనీ వాళ్ళు వాన డబ్బాలు చూసుకోడానికి కాంట్రాక్టు మీద తీసుకుని మెళ్ళో ట్యాగు వేసేరు. జీతం చెప్పుకునేది కాదు గానీ, ట్యాగు మాత్రం ఆదివారం చర్చికి కూడా వేసుకెళ్ళేవాడు.

వాన డబ్బా అంటే ఏమీ లేదు, బకెట్టంత గుండ్రటి డబ్బా. మీద గరాటు బిగించిన మూత ఉంటుంది. గరాటు కింద త్రాసులా అటూ ఇటూ ఒరిగే జంట దొన్నెలు, ఒక్కోటీ గరిటెడు. వాన పడి ఒక దొన్నె నిండగానే బరువుకి టక్కుమని ఒరిగి నీళ్ళు పారబోసుకుంటుంది, రెండోది గరాటు కిందికొస్తుంది. టక్కుకి అర మిల్లీమీటరు. ఆ టక్కుల్ని పక్కనున్న చిన్న పెట్టె లెక్కపెట్టి, దాన్లో ఉన్న సిమ్ము ద్వారా పై ఆఫీసుకి పంపేస్తుంది. ఏడాదికి రెండుసార్లు బెన్నీ వెళ్ళి, లెక్కపెట్టెకి వెళ్ళే తీగ పీకి, లీటరున్నర పైచిలుకు మంచినీళ్ళు కొలిచి, కుళాయి సీసాలోంచి చుక్కచుక్కగా గంటసేపు గరాటులోకి వదలాలి. సరిగ్గా వంద టక్కులు రావాలి. తొంభైయారో నూటమూడో వస్తే దొన్నెల కింద మరలు తిప్పి మళ్ళీ మొదట్నించీ పొయ్యాలి. దాన్నే కాలిబ్రేషన్ అంటారు.

ఇక్కడ ఒక్క నిజం చెప్పుకోవాలి. అబద్ధాలన్నీ వాడు నోటితోనే ఆడేవాడు. చేతులకి మాత్రం అబద్ధం తెలీదు. మిగతా కుర్రాళ్ళు నలభై టక్కులు విని, రెండున్నరతో హెచ్చించి, కాగితం రాసి పోయేవారు. బెన్నీ నూరూ వినేవాడు. కళ్ళు మూసుకుని, డబ్బాకి చెవి ఆనించి, ఎండలో గంటసేపు. తొంభైతొమ్మిది దగ్గర లారీ హారను కొట్టి లెక్క తప్పించిందని రెండోసారి మొత్తం పోసిన రోజులున్నాయి. ఎవరూ చూడకపోయినా పోసేవాడు.

కొత్తమెరకలో డబ్బా ఊరవతల పంచాయతీ జాగాలో, దానమ్మ చేను గట్టుని ఆనుకుని ఉంది. ఆ మండలానికంతటికీ అదొక్కటే డబ్బా. దానమ్మ బెన్నీ వాళ్ళ పేట మనిషే, వాడికి పెద్దమ్మ వరస. మొగుడు పోయి పన్నెండేళ్ళు. సూర్యారావు గారి రెండెకరాలు కౌలుకి చేస్తుంది. మొన్న వేసవిలో మండలాఫీసు చుట్టూ నెలన్నర తిరిగి, ఆ కౌలు తనదేనని తన ఫొటోతో కార్డు సంపాదించింది. అంతకుముందు పంట పోతే నష్టం జాబితాలో పేరు సూర్యారావు గారిది, బురద దానమ్మది. ఈ వానాకాలం సార్వా పంటకి మొదటిసారి రెండూ తనవే. ఆ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బైబిల్లో దాచుకుంది.

సెప్టెంబరులో ఓ రోజు పొద్దెక్కుతుండగా బెన్నీ బండి స్టాండు వేసి డబ్బా తాళం తీస్తుంటే, గట్టు మీద కలుపు పడేస్తున్న దానమ్మ నడుం ఎత్తింది.

"ఏరా అబ్బాయ్, ఆకాశంలో మబ్బు ముక్క లేదు, ఇవాళ ఏం కొలుస్తావు?"

"ఇవాళ కురిసేది నేనే పెద్దమ్మా. యాభై మిల్లీమీటర్లు. గొడుగు తెచ్చుకున్నావా?"

"నీ వానకి గొడుగెందుకురా, కొంగు చాలు."

అప్పుడు చూసుకున్నాడు. బండికి కట్టిన మంచినీళ్ళ క్యాను కాలవగట్టు గోతుల్లో ఎగిరెగిరి, మూత ఊడి, అడుగున గ్లాసుడు మిగిలింది. కంపెనీ ఇచ్చిన శుద్ధమైన నీళ్ళు అవే. ఆ ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పు, పోస్తే దొన్నెలు తుప్పు పడతాయి. కాలవ నీళ్ళు బురద. నీళ్ళ ప్లాంటు చూస్తే కరెంటు లేక మూసేసి ఉంది. రాజోలు వెళ్ళి రావాలంటే గంట. కాకినాడలో సూపర్వైజరు శ్యామ్ సుందర్‌కి ఫోన్ చేసేడు.

"సార్, క్యాను కారిపోయిందండి. ఈ ఒక్క స్టేషనూ రేపు చేస్తానండి."

"రేపు కుదరదయ్యా. సాయంత్రంలోగా ఐదు స్టేషన్ల ఫొటోలూ నాకు రావాలి. కోనసీమలో కూర్చుని నీళ్ళు లేవంటావేంటి, వినేవాళ్ళు నవ్వుతారు" అని పెట్టేసేడు.

బెన్నీ మొహం చూసి దానమ్మ దాహం అనుకుంది. పొద్దున్న సూర్యారావు గారి చెట్లు దింపినవాళ్ళు ఆవిడకి ఐదు బొండాలు ఇచ్చి పోయేరు. కత్తి తీసి ఒకటి కొట్టి చేతిలో పెట్టింది. వాడు గటగటా తాగి, మూతి తుడుచుకుని, మిగిలిన నాలుగింటి వంకా చూసేడు. ఇలా చూసేవాళ్ళు ప్రపంచంలో మావైపే ఉంటారు. రాయలసీమవాడికి ఆ సమయంలో బొండాలు కనపడవు, హైదరాబాదువాడికి కనపడితే స్ట్రా వెతుక్కుంటాడు. కోనసీమవాడికి మాత్రం బొండం నీళ్ళ కంటే శుభ్రమైన నీళ్ళు భూమ్మీద ఉన్నాయంటే నమ్మకం కుదరదు. పురిటి పిల్లకి అవే, జ్వరం పడ్డవాడికి అవే.

"పెద్దమ్మా, ఇవి కూడా కొట్టు."

"ఎన్ని తాగుతావురా, కడుపా కాలవా?"

"నాక్కాదు, దీనికి. యాభై అడుగుల చెట్టు వడకట్టి ఇచ్చిన నీళ్ళు. ఏ కంపెనీ వడకడుతుంది ఇంత పొడుగున?"

దానమ్మ కత్తి పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. "తీపి కదరా. చీమలు పట్టవూ?"

"మూతకి తాళం ఉంటుంది పెద్దమ్మా. చీమలకి తాళం చెవి ఎవరిస్తారు?"

ఆవిడ నవ్వింది. నవ్వి నాలుగూ కొట్టి ఇచ్చింది. వాడు జేబురుమాలు మడతలేసి వడకట్టి, జాడీతో చుక్క తేడా లేకుండా కొలిచి, సీసాలో నింపి కుళాయి విప్పేడు. చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. గంటసేపు డబ్బా బొండం నీళ్ళు తాగింది. వంద టక్కులు. తొంభైతొమ్మిది కాదు, నూటొకటి కాదు, వంద. ఆనందం పట్టలేక దానమ్మ చేత డబ్బాకి దండం పెట్టించబోయేడు, ఆవిడ స్తోత్రం చెప్పి ఊరుకుంది. క్యాను అడుగున మిగిలిన గ్లాసుడు నీళ్ళతో దొన్నెలు కడిగి, రుమాలుతో తుడిచి, ఫొటో తీసి, 'వందకి వంద, సరిగా ఉంది' అని రాసి సంతకం పెట్టేడు. మిగతా నాలుగు స్టేషన్లకీ దారిలో నీళ్ళు కొనుక్కున్నాడు.

ఇంకేముంది, ఆ నెలంతా టీ కొట్ల దగ్గర అదే కథ. మొదటి వారంలో బొండాలు నాలుగే. రెండో వారానికి గెల అయ్యేయి. దసరా నాటికి డబ్బా తాగి త్రేన్చింది కూడాను. మండలాఫీసులో వాన లెక్కలు, పంట నష్టం జాబితాలు చూసే గుమస్తా నారాయణమూర్తి గారు బెన్నీ కనపడినప్పుడల్లా కుర్చీ వేయించి, "ఏదీ, ఆ త్రేన్పు ఎలా వచ్చిందో మళ్ళీ అనవయ్యా" అని అనిపించుకునేవారు. బెన్నీ అనేవాడు. ఆఫీసు ఆఫీసంతా కడుపు పట్టుకునేది.

అక్టోబరు ఆఖర్న, సార్వా వరి పసుపు తిరిగి కొడవళ్ళు పదును పెట్టుకునే వేళకి, వాయుగుండం పట్టింది. రెండు రోజులు. ఆ వాన గురించి బెన్నీ ఒక్క కోత కూడా కొయ్యలేదు, కొయ్యడానికి చోటు లేదు. కాలవకీ చేనుకీ మధ్య గట్టు ఏదో తెలీలేదు. డ్రెయిన్లు సముద్రంలోకి పోవడం మాని వెనక్కి తిరిగి చేలల్లోకి వచ్చేయి. మూడోరోజు పొద్దున్న ఫోన్లో అంకెలు చూసుకున్నాడు. ఇటు పక్క మండలం నూట ముప్ఫై ఒకటి. అటు పక్క మండలం నూట నలభై రెండు. మధ్యలో కొత్తమెరక డబ్బా ముప్ఫై ఎనిమిదిన్నర.

బండి సగం దారి నడిచింది, మిగతా సగం బెన్నీ దాన్ని నడిపించేడు. తాళం తీసి మూత ఎత్తేడు.

లోపల చీమలు. నేలలోంచి స్తంభం పట్టుకుని, తీగ వెళ్ళే కన్నంలోంచి ఎక్కేయి. వాటికి తాళం చెవి అక్కర్లేకపోయింది. గ్లాసుడు నీళ్ళకి పోని తీపి ఏదో మూలల్లో జిగురై ఉండిపోయింది, దానికి వచ్చేయి. మధ్యలో పడ్డ చిన్న జల్లులకి ఆ తీపి కరిగిపోయింది గానీ చీమలు కాపురం ఖాళీ చెయ్యలేదు. గరాటు మెడలో మట్టి, దొన్నెల కింద మట్టి, మట్టి నిండా తెల్లటి గుడ్లు. దొన్నె ఒరగాలంటే ఆ మట్టిని తోసుకుని ఒరగాలి. గరాటులో పడ్డ వానలో మూడు వంతులు అంచు మీంచి బయటికే పొర్లిపోయింది.

'తీపి కదరా, చీమలు పట్టవూ' అన్న మాట అప్పుడు చెవిలో పడింది.

ఆ తరవాత వాడు చేసిన పని ఎందుకు చేసేడో వాడికీ తెలీదు. బ్రష్షు తీసేడు. గరాటు ఊడదీసి దులిపేడు, మట్టి గోకేడు, దొన్నెలు కడిగేడు, గుడ్లన్నీ బురదలోకి ఊదేసేడు. ఏడేళ్ళుగా మురికి కనపడితే చెయ్యి దానంతటదే బ్రష్షు మీదికి పోయేది, అలా పోయిందేమో. భయం వేసిందేమో. ఐదు నిమిషాల్లో డబ్బా పెళ్ళికూతురిలా అయింది. మూత పెట్టి తాళం వేసేక గానీ ఫొటో తియ్యలేదని గుర్తు రాలేదు. ఫొటో తీస్తే ఇప్పుడేం కనపడుతుంది? తళతళలాడే దొన్నెలు.

చేలో మోకాటిలోతు నీళ్ళలో దానమ్మ వంగి పడిపోయిన కంకులు ఎత్తి చూస్తోంది. అప్పుడే గింజ చివర తెల్లగా మొలక కనపడుతోంది.

"ఎంత చూపించిందిరా అబ్బాయ్?"

ఆవిడ గొంతులో బెంగ లేదు. పక్కనే డబ్బా ఉంది, డబ్బా దగ్గర తమ పేట పిల్లాడే ఉన్నాడు, బైబిల్లో కార్డుంది.

"పైవాళ్ళు చెప్తారు పెద్దమ్మా" అని బండి తీసేడు.

పైవాళ్ళు వారానికి చెప్పేరు. ఆ ఏడు పెట్టిన నిబంధన ప్రకారం, వంద మిల్లీమీటర్లు దాటిన మండలాల్లోనే పంట నష్టం రాసుకుంటారు. కొత్తమెరక ఉన్న మండలం ఆ జాబితాలో లేదు. అభ్యంతరాలుంటే పది రోజుల్లో చెప్పుకోమన్నారు. దానమ్మ మొలకెత్తిన కంకులు చేటలో పెట్టుకుని మండలాఫీసుకి వెళ్ళింది.

"డబ్బాలో వాన రాలేదమ్మా" అన్నారు నారాయణమూర్తి గారు.

"నా చేలో వచ్చిందండి బాబూ. వచ్చి చూసుకోండి, ఇంకా ఉంది."

"నీ చేలో వాన మాకెందుకమ్మా. లెక్కకి డబ్బాలో వాన కావాలి." ఆయన చెడ్డవారు కాదు. మంచినీళ్ళు తెప్పించి ఇచ్చేరు.

బెన్నీ నాలుగు రోజులు టీ కొట్టు వైపు వెళ్ళలేదు. ఐదో రోజు పొద్దున్న కుట్టుమిషను దగ్గర కూర్చున్న పెళ్ళాం అక్షయతో చెప్పేడు. బొండాలు ఆవిడకి తెలుసు, ఊరందరితోపాటు విన్నదే. చీమలు చెప్పేడు, బ్రష్షు చెప్పేడు. మిషను ఆగింది.

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"నీకే."

"బొండాల కథ మాత్రం రాజోలు నుంచి రావులపాలెం దాకా తెలుసు."

"చెప్తే ఉద్యోగం ఉండదు అక్షయా."

"ఉండదు." దారం పంటితో తెంపింది. "ఊరంతా తిరిగి నవ్వుతూ చెప్పేవు కదా. ఒక్కసారి నవ్వకుండా చెప్పి రా."

వెళ్ళేడు. మండలాఫీసు గుమ్మంలో వాడు కనపడగానే నారాయణమూర్తి గారు చెయ్యి ఊపి కుర్చీ వేయించేరు. బెన్నీ కూర్చోలేదు.

"అయ్యా, ఆ ముప్ఫై ఎనిమిదిన్నర తప్పండి. నేను సెప్టెంబరులో దాన్లో బొండం నీళ్ళు పోసేనండి. అందుకని చీమలు పట్టేయండి. గరాటు మూసుకుపోయిందండి."

వెనక బల్ల దగ్గర ఎవరో త్రేన్పు తీసేరు. అచ్చం బెన్నీ తీసినట్టే తీసేరు. ఇంక ఆఫీసంతా పడి పడి నవ్వడమే. నారాయణమూర్తి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"కొత్త ముక్క కలిపేవన్నమాట! చీమలు! బాగుందయ్యా."

"కథ కాదండి. నిజమండి."

"నిజమేనయ్యా, మేం కాదన్నామా? మీ నాన్న గారి కొర్రమేను కూడా నిజమే."

"నా తల్లి తోడండి."

ఆ మాటకి నవ్వు సర్దుకుంది. ఆయన వాడి మొహంలోకి చూసేరు. చూసి, లేచి వెళ్ళి, బీరువాలోంచి ఫైలు తెచ్చి బల్ల మీద పరిచేరు. "ఇదిగో నీ రిపోర్టు. వందకి వంద. ఫొటో ఉంది, తారీఖు ఉంది, టైము ఉంది, నీ సంతకం ఉంది. మండలం మొత్తం మీద ఇంత శుభ్రమైన కాగితం ఇంకోటి లేదు. ఇది కాదనాలంటే నా దగ్గరేముంది? చీమల ఫొటో తీసేవా?"

"లేదండి. తుడిచేసేనండి."

"ఎవరైనా చూసేరా?"

"లేదండి."

"పోనీ ఓ నాలుగు చీమలైనా పొట్లం కట్టి తేవలసిందయ్యా" అన్నారాయన. ఈసారి నవ్వలేదు. "రాసివ్వు, పైకి పంపుతాను."

అక్కడే బెంచీ మీద కూర్చుని రాసేడు. బొండాలు నాలుగే రాసేడు. రాసినంతసేపూ వాడి వెనక దానమ్మ నిలబడి ఉంది. అభ్యంతరాలకి ఆఖరి రోజులని ఆవిడా వచ్చింది, ఆఫీసు నవ్వడం దగ్గర్నించీ గుమ్మంలోంచి అంతా వింది. వాడు లేచి వెనక్కి తిరిగేసరికి చూసేడు. చేతిలో కాగితం చూపించేడు. ఆవిడకి చదవడం రాదు. అయినా తీసుకుని, తిరగేసి, సంతకం ఉన్నచోట వేలు పెట్టి, "ఇదేనా నీ పేరు?" అంది. ఆయ్ అన్నాడు. కాగితం తిరిగి ఇచ్చేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మూడోరోజు శ్యామ్ సుందర్ ఫోన్ చేసేడు.

"బెన్నీ గారూ, నమస్కారమండీ."

ఏడేళ్ళలో ఎన్నడూ లేని గారు. తిడితే ఉద్యోగం ఉన్నట్టే, మావైపు మర్యాద పెరిగిందంటే మాత్రం గుమ్మం చూపిస్తున్నట్టు.

"సార్, ఆ అంకె సరిచేస్తారాండి?"

"అదెలా కుదురుతుందండీ. ఇప్పుడు డబ్బా పరీక్ష చేయిస్తే వందకి వంద వచ్చింది. అక్టోబరులో పాడైందని చెప్పడానికి మీ మాట తప్ప ఏమీ లేదు. మీ మాట నమ్మాలంటే సెప్టెంబరులో మీరు రాసింది అబద్ధం అవ్వాలి."

"అబద్ధం కాదండీ. వంద టక్కులూ విన్నానండి. నీళ్ళే వేరండి."

"నిబంధనల ప్రకారం కాని నీళ్ళు వాడినట్టు మీరే రాసిచ్చేరు. దాని మీద చర్య తీసుకోక తప్పదు కదండీ. ట్యాగు, సీసా, జాడీ శుక్రవారంలోగా పంపించెయ్యండి."

"మరి వాన సంగతి సార్? నా మాట నమ్మి నన్ను తీసేస్తున్నారు కదండీ. ఆ నమ్మిన మాటే లెక్కలో వేసుకోండి."

"ఉంటానండీ" అన్నాడు శ్యామ్ సుందర్.

రెండు కాగితాలూ ఒక్కరోజే వచ్చేయి. ఒకటి బెన్నీకి, తప్పు నీళ్ళు పోసినందుకు, దాని నకలు మండలాఫీసుకీ. రెండోది మండలాఫీసుకి, డబ్బా లెక్కలో తప్పున్నట్టు ఆధారం లేనందుకు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివిన మనిషి ఒక్క నారాయణమూర్తి గారే. ఆయన రెండింటినీ రెండు వేరు వేరు ఫైళ్ళలో పెట్టేరు, అక్కడ అలాగే పెట్టాలి మరి. కొత్తమెరకలో ఆ రెండు రోజులూ ముప్ఫై ఎనిమిదిన్నరే కురిసింది. ఇంకో వందేళ్ళ తరవాత ఎవరు తీసి చూసినా అంతే కురిసి ఉంటుంది.

సంగతి టీ కొట్టుకి చేరడానికి ఒక్కపూట పట్టింది. "ఏవండోయ్ బెన్నీ గారూ, చీమలు కుశలమేనా?" అని ఒకడు. "వాన మీ దగ్గర రాజీనామా పుచ్చుకుందాండి?" అని ఇంకొకడు. ఇదివరకైతే ఒక్కోడికీ రెండేసి జవాబులుండేవి. గ్లాసు సగంలో పెట్టేసి లేచేడు. తీసేసిన ట్యాగు చోట మెడ మీద తెల్లటి గీత ఉండిపోయింది, దాని మీదికి చొక్కా కాలరు లాక్కున్నాడు.

దానమ్మ ఎదటికి వెళ్ళడానికి పదకొండు రోజులు పట్టింది. ఆవిడ నీళ్ళు తీసేక మిగిలింది కోసి, కొట్టి, తారు రోడ్డు మీద ఆరబోసింది. ధాన్యం అనడానికి లేదు. సగం నల్లబడి, సగం మొలకెత్తి, పుల్లటి వాసన. కోళ్ళకి వేస్తారని ఎవరో అడిగేరుట. సూర్యారావు గారు వచ్చే దాళ్వా పంటకి చేను వేరేవాళ్ళకి మాటిచ్చేసేరు. కౌలు గింజ ఒక్కటీ కొలవలేని మనిషికి రెండోసారి ఇవ్వడానికి ఆయనకేం పట్టింది. రేపట్నించీ కొబ్బరికాయలు పోగేసి డొక్కలు ఒలిచే కమ్మీకి కూలికి రమ్మన్నారుట ఆవిణ్ణి.

బెన్నీ బండి ఆపి దిగేడు. ఆవిడ కాళ్ళతో గింజల్ని చాళ్ళు తీస్తూ అటునుంచి ఇటు నడుస్తోంది. ఎదురుగా వచ్చినా తలెత్తలేదు.

"పెద్దమ్మా."

చాలు చివరి దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఆ చీమల్ని ఎందుకు తుడిచేసేవురా?" అంది. "పదడుగుల్లో ఉన్నాను నేను. ఓ కేక వేస్తే వచ్చి చూసేదాన్ని. పాస్టరు గారిని తెచ్చేదాన్ని, సూర్యారావు గారిని కాళ్ళు పట్టుకుని తెచ్చేదాన్ని. పది మంది చూసేదాకా ఆ డబ్బాకి కాపలా కూర్చునేదాన్ని, వానలోనైనా."

ఇంకో చాలు తీసి వచ్చింది.

"నీ ఉద్యోగం పోయిందంటగా."

"ఆయ్."

"నా పేరు జాబితాలోకి ఎక్కిందా?"

"లేదు పెద్దమ్మా."

"మరి ఎందుకు పోయినట్టురా?"

తండ్రి చూసిన వానకి, చెట్టెక్కిన చేపకి, త్రేన్చిన డబ్బాకి, ఎవరేం అడిగినా అడగకముందే జవాబు చెప్పిన నోరు అది. దూరంగా రాజోలు బస్సు హారను కొడుతూ వస్తోంది. దానమ్మ బస్సు వంక చూసి, వాడి కాళ్ళ వంక చూసింది.

"గింజల మీద నిల్చున్నావు. అవతలకి జరుగు."